కదిరప్ప వాచీ, పుంగనూరు పాస్‌వర్డ్

ఏ మిషను ముందు కూర్చున్నా కదిరప్ప మొదట వాచీ విప్పుతాడు. పట్టీ వదులు చేసి, ముఖం పైకి ఉండేలా కీబోర్డు పక్కన పెడతాడు. ఆ తర్వాతే వేళ్ళు కదులుతాయి. వాచీ తీసిన మణికట్టు మీద ఒక తెల్లటి పట్టీ మిగిలి ఉంటుంది, ఎండ ఎరగని చోటు.

అది టైపు ఇన్‌స్టిట్యూట్ నాటి అలవాటు. తంబళ్లపల్లె దగ్గర వేరుశెనగ పండే మెట్టభూమిని అన్నకు వదిలేసి ఆయన మదనపల్లె వచ్చాడు. ఒక మేడ మీద గది తీసుకుని పన్నెండు టైపు మిషన్లు పెట్టాడు. తొంభైల మధ్యలో ఆ గది మెట్ల మీద చెప్పులు పట్టేవి కావు. వాచీ బల్ల మీద పెట్టి "కొట్టండి" అనేవాడు. పది నిమిషాలకు "చాలు" అనేవాడు. నడుమ కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. నేర్చుకునేవాళ్ళు ఆయన నిద్రపోతున్నాడనుకునేవారు. ఉన్నట్టుండి "మూడో మిషను, తప్పు" అనేవాడు. తప్పు కొట్టే వేలు కొట్టబోయే ముందు కాస్త తడబడుతుంది. ఆ తడబాటు ఆయన చెవికి తెలుస్తుంది.

రెండు వేల సంవత్సరం వచ్చేసరికి మిషన్లు ఒక్కొక్కటే మూగపోయాయి. పదకొండు అమ్మేశాడు. ఒకటి ఉంచుకున్నాడు. ఒక పాత కంప్యూటరు కొని, దాన్ని విప్పి, చెడగొట్టి, బాగుచేసి, మళ్ళీ చెడగొట్టి నేర్చుకున్నాడు. 2005 నాటికి చుట్టుపక్కల ఆఫీసుల్లో ఏ కంప్యూటరు మొండికేసినా కదిరప్పకు కబురు వచ్చేది.

ఆ ఏడు జూన్‌లో ఒక బుధవారం పొద్దున చెంగల్రాయుడు ఫోన్ చేశాడు. ఆయనది మామిడి గుజ్జు వ్యాపారం. మదనపల్లెలో పెద్దాఫీసు, ఆయన కూర్చునేది అక్కడే. పుంగనూరులో ఒక ఆఫీసు, కుప్పంలో ఒకటి. ప్రతి ఆఫీసుకూ మాటకొక ఫోను లైను, నెట్టుకొకటి. మూడింటికీ కలిపి ఒకటే ఈమెయిలు. చెన్నై నుంచి, బెంగుళూరు నుంచి ఆర్డర్లు దానికే వస్తాయి. ఎవరి ఊరి పని వాళ్ళు చూసుకుంటారు.

"ఏమప్పా కదిరప్పా, నువ్వు పెట్టించిన ఆ పుంగనూరు పిల్లకు పాస్‌వర్డ్ కొట్టేదానికి సేతగాలేదు" అన్నాడు. "దినామూ నాకు ఫోను. సార్, మల్లా అడుగుతాండాది, సార్, మల్లా అడుగుతాండాది అని. సోమవారం నుంచి వేరే మనిషిని రమ్మని చెప్పినా."

"ఆ పిల్ల తప్పు కొట్టదన్నా."

"కొట్టకపోతే అది యాల ఒప్పుకోదు?"

కదిరప్పకు ఆ 'ఎందుకు' అనే ప్రశ్న బాగుందనిపించింది. సంచి తీసుకుని బస్టాండుకు నడిచాడు.

ఆ పుంగనూరు పిల్ల పేరు కమలాక్షి. ఆరేళ్ళ కిందట చింతపండు గోడౌనులో కాయలు కొట్టి గింజలు తీసే పని చేసేది. పని దిగి, మదనపల్లె బస్సెక్కి, సాయంత్రం ఆరు గంటల బ్యాచీకి వచ్చేది. వేళ్ళ సందుల్లో చింతపండు నలుపు ఎంత కడిగినా పోయేది కాదు. మిగతావాళ్ళు చూస్తారని మొదట్లో చేతులు బల్ల కింద పెట్టుకునేది. మూడు నెలల తర్వాత ఆమె కొడుతుంటే కదిరప్ప నిజంగానే నిద్రపోగలిగేవాడు. అంత సమంగా కొట్టేది. చెంగల్రాయుడు ఆఫీసులో కుర్చీ ఖాళీ అయినప్పుడు కదిరప్ప చెప్పిన పేరు ఆమెదే. ఇప్పుడు ఆ కుర్చీ పోతే ఆమె మళ్ళీ గోడౌనుకే పోవాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"రండి సార్" అని ఆమె లేచి కుర్చీ ఇచ్చింది. పదకొండు గంటలు. ఆయన వాచీ విప్పి పక్కన పెట్టాడు.

పెద్దక్షరాల మీట నొక్కి ఉందేమో చూశాడు. లేదు. పాస్‌వర్డ్ గుర్తుంచుకొమ్మని చెప్పే గడిలో టిక్కు ఉందా చూశాడు. ఉంది. మెయిలు ఖాతా తీసేసి మళ్ళీ కొత్తగా పెట్టాడు. సంచిలోంచి వేరే కీబోర్డు తీసి తగిలించాడు. మెయిలు తెరిచాడు. పాస్‌వర్డ్ అడిగే బాక్సు రాలేదు. మూడుసార్లు తెరిచాడు. మూడుసార్లూ మెయిలు మర్యాదగా వచ్చింది.

"సరైపోయిందమ్మా."

"మీరు రాకముందు కూడా ఈ టైముకు బాగానే ఉండె సార్" అంది కమలాక్షి మెల్లగా.

కదిరప్ప ఆ మాట విన్నాడు గానీ పట్టించుకోలేదు. భోజనం వేళకు ఇల్లు చేరాడు. రెండు గంటలకు పావు తక్కువకు ఫోన్ మోగింది.

"సార్, వచ్చింది" అంది కమలాక్షి.

ఆయనకు సిగ్గేసింది. ఆ సిగ్గు కిందనుంచి ఇంకేదో లేచింది. పదకొండింటికి లేనిది ఒంటిగంటన్నరకు యాడినుంచి వచ్చింది?

గురువారం ఆయన మధ్యాహ్నమే వెళ్ళి కూర్చున్నాడు. కమలాక్షి మెయిలు ముట్టలేదు. లారీ కాగితాలు టైపు చేసుకుంటోంది. మూడు గంటలైంది. కాగితాలు పక్కన పెట్టి నెట్టు కలిపింది, మెయిలు తెరిచింది. తెర నడుమ చిన్న బాక్సు వచ్చింది. పేరు గడిలో పేరు ఉంది. గుర్తుంచుకొమ్మని టిక్కు పెట్టినా పాస్‌వర్డ్ గడి ఖాళీగా ఉంది.

"కొట్టు" అన్నాడు కదిరప్ప. కళ్ళు మూసుకున్నాడు.

తొమ్మిది దెబ్బలు. తర్వాత కాస్త బరువుగా ఎంటర్. కళ్ళు తెరిచాడు. బాక్సు మళ్ళీ వచ్చి కూర్చుంది.

"ఇంకోసారి."

తొమ్మిది దెబ్బలు. ఎక్కడా తడబాటు లేదు. బాక్సు మళ్ళీ వచ్చింది. మూడోసారీ అంతే.

కమలాక్షి చెయ్యి ఫోను మీదికి పోయింది. "మూడుసార్లు అడిగితే పెద్దసారుకు ఫోన్ చెయ్యమన్నారు సార్."

"వద్దు. కొంచేపు సూద్దాం."

"తిడతారు సార్."

"నన్ను తిట్టనీ. నా చెవులకు తిట్లు పాతవే."

ఆమె నవ్వబోయి ఆపుకుంది. రెండు నిమిషాలకొకసారి కొట్టింది. ఆయన వాచీ చూస్తూ కూర్చున్నాడు. పదకొండో నిమిషంలో బాక్సు మాయమై మెయిళ్ళు దిగసాగాయి.

అదే పాస్‌వర్డ్. అవే తొమ్మిది దెబ్బలు. తలుపు తట్టిన మనిషి మారలేదు, తట్టిన తీరు మారలేదు. మరి లోపలివాళ్ళు పదకొండు నిమిషాలు ఏం చేస్తున్నారు?

"ఇది ఏయే టైముల్లో వస్తాదో గుర్తుండాదామ్మా?"

కమలాక్షి సొరుగులోంచి నోటుబుక్కు తీసింది. వెనక పేజీలో రెండు వారాలకు సరిపడా రాసుంది. వారం, గంట, నిమిషం. టైపు పరీక్షకు రాసుకున్నంత శుభ్రంగా ఉంది. కదిరప్ప తన జేబు పుస్తకంలోకి ఎక్కించుకున్నాడు. మంగళవారం నాలుగున్నర. బుధవారం ఒకటిన్నర. గురువారం మూడు. శుక్రవారం పన్నెండు. శనివారం పదిన్నర. రెండు వారాలూ అవే. సోమవారం పక్కన ఏమీ లేదు.

"సోమవారం రాదా?"

"రాదు సార్."

"మెయిలు తెరిచేముందు నువ్వు ఏం చేస్తావు?"

"ఏమీ చెయ్యను సార్. నెట్టు కలుపుతా, తెరుస్తా."

కుప్పం ఆఫీసుకు ఫోన్ చేశాడు. అక్కడ మెయిలు చూసేది ధనుంజయ అనే అతను. మాట ముందు, మనిషి వెనక.

"మాకు ఎప్పుడో ఒకసారి వస్తాది సార్, అంతగా లేదు" అన్నాడు ధనుంజయ. "పుంగనూరోళ్ళ లైను నత్త సార్. ఆడ దేవుడొచ్చి కొట్టినా లేటే."

"తెరిచేముందు మీరేం చేస్తారు?"

"ఏం చేస్తాం సార్? తెరుస్తాం."

బస్సులో దారి పొడుగునా కదిరప్ప జేబు పుస్తకం చూస్తూనే ఉన్నాడు. కరెంటు కోతా? కోత వేళలు ఇవి కావు. టెలిఫోను వాళ్ళ పనా? సోమవారం వాళ్ళకేమైనా సెలవా? నాలుగున్నర, ఒకటిన్నర, మూడు, పన్నెండు, పదిన్నర. కూడినా తీసినా ఏమీ కాలేదు. కానీ యంత్రం తనంతట తాను ఇలా వారాన్ని బట్టి నడవదు. దీని వెనక ఎవరో ఉన్నారు. అంతవరకు మాత్రం ఆయనకు నమ్మకం కుదిరింది.

ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని పుస్తకం మళ్ళీ తెరిచాడు. భార్య బయ్యమ్మ కాఫీ తెచ్చి పక్కన పెట్టి, వంగి చూసింది.

"ఇదేంది, రాహుకాలం పోయేది ఒక్కటే రాసుకున్నావు? పట్టేది రాసుకోవా?"

కదిరప్ప తలెత్తాడు. "ఏంది?"

"మంగళవారం మూడింటికి పట్టి నాలుగున్నరకు వదుల్తాది. బుధవారం పన్నెండుకు పట్టి ఒకటిన్నరకు. గోడకు క్యాలెండర్ ఉండాది గదా, అందులో లేదా?"

"సోమవారం?"

"సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది. మీ ఆఫీసులోళ్ళు మొకాలు కడుక్కునేలోగా అదే పోతాది."

కదిరప్ప నవ్వాడు. నవ్వి నవ్వి కాఫీ ఒలకబోసుకున్నాడు.

"ఇంతకాలం నాతో కాపురం చేసి ఈ పొద్దు నేర్చుకుంటాండావా రాహుకాలం?" అంది బయ్యమ్మ, గ్లాసు తీసుకుంటూ.

అది నిజమే. టైపు పరీక్ష ఏ గంటకు పెడితే ఆ గంటకు రాయించాలి. మంచి గంట, చెడ్డ గంట చూసుకునే వెసులుబాటు ఆయన వృత్తిలో ఎన్నడూ లేదు. అందుకే ఆయన కళ్ళకు అవి ఉత్త అంకెలు.

మధ్యాహ్నం కమలాక్షి మెయిలు ముట్టకుండా లారీ కాగితాలు పెట్టుకుని కూర్చోవడం ఇప్పుడు గుర్తుకొచ్చింది. మూడింటిదాకా ఆమె ఊరికే లేదు, ఆగి ఉంది. పుంగనూరులో రాహుకాలం పోయిన నిమిషానికే కుప్పంలోనూ పోతుంది, మదనపల్లెలోనూ పోతుంది. ఆఫీసులు మూడు. మెయిలు ఒకటి.

శుక్రవారం మొదటి బస్సుకే కుప్పం వెళ్ళాడు. పుంగనూరులో బస్సు ఆగినా దిగలేదు. పదకొండున్నరకు కుప్పం ఆఫీసులో ధనుంజయ పక్కన స్టూలు మీద కూర్చుని వాచీ విప్పి పెట్టాడు.

"మెయిలు తెరువప్పా, సూద్దాం."

"ఇంకా అరగంట ఉండాది సార్."

"దేనికి?"

ధనుంజయ ఆయన్ని వింతగా చూశాడు. "రాహుకాలం గదా సార్."

"నిన్న ఫోన్లో అడిగితే చెప్పలేదే?"

"మీరు ఏం చేస్తారని అడిగినారు. రాహుకాలం మనం చేసేది కాదు గదా సార్. అది అదే వస్తాది, అదే పోతాది."

ఆ జవాబులో తప్పు పట్టడానికి కదిరప్పకు ఏమీ దొరకలేదు. చెంగల్రాయుడి దగ్గర ఇది పాత పద్ధతేనట. పోస్టులో జాబు వచ్చినా రాహుకాలంలో కవరు చించేవాడు కాదు. కంప్యూటరు వచ్చింది, జాబు తెర మీదికి పోయింది, పద్ధతి దాని వెంటే పోయింది. కొత్తగా చేరిన ఎవరికీ ఎవరూ చెప్పనక్కర్లేదు. వచ్చినవాళ్ళంతా అది ఎరిగే వస్తారు.

పన్నెండుకు రెండు నిమిషాలు ఉందనగా ధనుంజయ నెట్టు కలిపాడు. మౌసు మీద చూపుడువేలు ఆనించి గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాడు. పరుగుపందెంలో గీత దగ్గర నిలబడినవాడిలా ఉన్నాడు. గంటన్నరగా పేరుకున్న మెయిళ్ళు అవతల కాచుకుని ఉన్నాయి. ముల్లు పన్నెండు తాకింది. వేలు నొక్కింది. మెయిళ్ళు దిగడం మొదలైంది. ఒక్కొక్కదాని వెనక ఫోటోలు తీసి పంపిన కాగితాలు. బరువుగా, నిదానంగా దిగుతున్నాయి.

కదిరప్ప ఫోనందుకుని పుంగనూరుకు కలిపాడు. "బాక్సు వచ్చిందామ్మా?"

"వచ్చింది సార్" అంది కమలాక్షి. "రెండుసార్లు కొట్టినా."

"ఫోను చెవిలోనే పెట్టుకో. నేను చెప్పేదాకా కొట్టొద్దు." ధనుంజయ వైపు తిరిగాడు. "ఆపు."

"సగంలోనా సార్?"

"నెట్టు తీసెయ్."

ధనుంజయ అన్నం మధ్యలో లేపినట్టు ముఖం పెట్టి తీసేశాడు. కదిరప్ప కొంచెంసేపు ఆగి ఫోనులో అన్నాడు. "ఇప్పుడు కొట్టమ్మా."

కళ్ళు మూసుకున్నాడు. ఫోనులో సన్నగా తొమ్మిది దెబ్బలు వినపడ్డాయి. తర్వాత ఏమీ వినపడలేదు.

"ఒప్పుకుంది సార్!" అంది కమలాక్షి. "ఏం చేసినారు?"

"ఏం చెయ్యలేదు. వాకిట్లో ఉండే మనిషిని పక్కకు జరిపినా."

సాయంత్రం మదనపల్లె చేరి నేరుగా పెద్దాఫీసుకే వెళ్ళాడు. చెంగల్రాయుడు కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు.

"ఒకటే పెట్టె అన్నా, మూడు చేతులు" అన్నాడు కదిరప్ప. "ఒకరి చెయ్యి లోపల ఉండంగా ఇంకొకరి చెయ్యి పోనీదు. పోనీనని చెప్పేది పోయి, పాస్‌వర్డ్ అడుగుతాది. దానికి వచ్చిన మాట అదొకటే. రాహుకాలం పోతానే ముగ్గురూ ఒకేసారి చెయ్యి పెడతాండారు. పుంగనూరు లైను నిదానం, ఎప్పుడూ వెనకబడేది ఆ పిల్లే."

చెంగల్రాయుడు నమ్మినట్టు కనపడలేదు. "అట్లయితే నాకూ రావల్ల గదప్పా బాక్సు?"

"రాదా అన్నా?"

"వస్తాది. రాకేం? క్యాన్సిల్ కొట్టి కాఫీ తాగేదానికి పోతా. వచ్చేసరికి సరైపోయుంటాది."

అని ఆగాడు. తన మాట తనకే వినపడినట్టుంది. కదిరప్ప నేల చూస్తూ కూర్చున్నాడు.

"మూడు మెయిళ్ళు చేసుకుంటే ఈ బాధ ఉండదు" అన్నాడు కదిరప్ప చివరికి.

"కుదరదు. బోర్డుల మీద, డబ్బాల మీద ఒకటే రాయించినాము. మూడు పేర్లు సూస్తే కొనేవాడు మూడు కంపెనీలనుకుంటాడు." కాస్త ముందుకు వంగాడు. "రాహుకాలం వదిలెయ్యమంటావేమో, అది అసలు కుదరదు."

"వదలమని నేను అన్లేదన్నా. పోయినాక వంతులు పెట్టుకుందామంటాండా. పదిహేను నిమిషాలకు ఒకరు."

చెంగల్రాయుడు ఆలోచించాడు. "రాహుకాలానికి తోక ఉంటాదని మా నాయన అంటాండె. పోయినాక కూడా కాసేపు ఆగేవాడు ఆయన." ముఖం తేటపడింది. "సరే. పుంగనూరు ముందు తియ్యనీ, నిదానం లైను గదా. తర్వాత కుప్పం. కడపటికి నేను తీస్తా. తోక కూడా పోయినాక."

"అట్లే అన్నా."

"రేపు శనివారం, పదిన్నరకు సూద్దాం. ఆ పిల్లకు బాక్సు రాలేదంటే సోమవారం వచ్చేవాడిని వద్దంటా. వచ్చిందంటే మాత్రం నువ్వు మల్లా నన్ను అడగొద్దు."

మెట్లు దిగుతూ కదిరప్ప ముగ్గురి చేతులనూ తలుచుకున్నాడు. కమలాక్షి చెయ్యి తప్పదు. ధనుంజయ నోరు ఆగదు గానీ చెప్పిన టైముకు చెయ్యి ఆగుతుంది. ఇన్నేళ్ళుగా రాహుకాలం పోయిన నిమిషానికే కదలడం అలవాటైన చెయ్యి ఇంకొకటి ఉంది. దానికి వంతు అనేది కొత్త.

మరునాడు పొద్దున ఆయన పుంగనూరు బస్సెక్కలేదు. పదింబావుకు, ఎవరూ పిలవకుండానే, చెంగల్రాయుడి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వాచీ విప్పి ఆయన కీబోర్డు పక్కన పెట్టాడు. ఈసారి ముఖం చెంగల్రాయుడి వైపు తిప్పి పెట్టాడు.

"ఇది ఈడ యాలప్పా?"

"ఊరికే అన్నా. అలవాటు."

మామిడి మాటలు మాట్లాడుకున్నారు. రామసముద్రం వైపు కాయ ఆలస్యమైందని చెంగల్రాయుడు అన్నాడు. కదిరప్ప ఊఁ కొట్టాడు. పదిన్నర అయింది. మాట మధ్యలోనే చెంగల్రాయుడి కుడిచెయ్యి దానంతట అది మౌసు మీదికి పోయింది. కదిరప్ప చేతి వైపు చూడలేదు. వాచీ వైపు చూశాడు. చెంగల్రాయుడూ వాచీ చూశాడు, ఆ తర్వాత ఎవరిదో అన్నట్టు తన చెయ్యి చూసుకున్నాడు. మెల్లగా వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కాఫీ తెప్పిస్తా ఉండు" అన్నాడు.

కాఫీ వచ్చింది. పది ముప్పై ఆరుకు ఫోన్ మోగింది. చెంగల్రాయుడు ఎత్తాడు. అవతలి గొంతు బల్లకు ఇవతల కూడా వినపడేంత గట్టిగా ఉంది.

"సార్, మెయిళ్ళు వచ్చినాయి. పదకొండు."

"పాస్‌వర్డ్?"

"అడగలేదు సార్."

"ఊఁ" అని ఆయన ఫోన్ పెట్టేశాడు. కొంచెంసేపు దాని మీద చెయ్యి అట్లాగే ఉంచాడు. మళ్ళీ ఎత్తి ఇంకో నంబరు కలిపాడు. "సోమవారం రావద్దులేప్పా. ఆ పని ఖాళీ లేదు" అన్నాడు.

కదిరప్ప కాఫీ తాగేసి గ్లాసు కింద పెట్టాడు. వాచీ తీసుకోలేదు. పదిముప్పావుకు కుప్పం తెరవాలి. పదకొండుకు ఎదురుగా ఉన్న మనిషి వంతు. అందాకా తెల్లటి పట్టీ ఉన్న చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.